జెర్బెరా మొవ్వు మునగకూడదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జెర్బెరా గురించే ఉన్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ మొక్కను పెంచుతున్నాను, పోగొట్టుకున్నాను, మళ్ళీ తెచ్చుకున్నాను. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి కాబట్టి కలిపి జవాబు రాశాను.

అక్కా, పూలతో నిండుగా ఉన్న జెర్బెరా కుండీ తెచ్చుకున్నాను. చిన్న ప్లాస్టిక్ కుండీలో ఇరుకుగా ఉందని పెద్ద కుండీలోకి మార్చి, పూటపూటా నీళ్ళు పోశాను. ఇరవై రోజులకే ఆకులన్నీ వాలిపోయాయి. నీళ్ళు సరిపోలేదేమో అని ఇంకా పోశాను. ఇప్పుడు పూర్తిగా పడిపోయింది. ఏం తప్పు చేశాను?

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి జెర్బెరా గుర్తొచ్చింది. ముదురు నారింజ రంగు పువ్వు. తెచ్చిన రోజే కుండీ మార్చాను. మొక్క కాస్త కదులుతున్నట్టు అనిపించి చుట్టూ రెండు పిడికిళ్ళ మట్టి, దాని మీద ఒక పిడికెడు ఎరువు వేసి, వేళ్ళతో గట్టిగా నొక్కాను. బలంగా నిలబడింది కదా అని సంతోషించాను. పదిహేనో రోజు వాలిన ఒక ఆకును ఎత్తి చూద్దామని పట్టుకుంటే, చేతిలోకి ఊడొచ్చేసింది. కాడ చివర గోధుమ రంగు జిగట, నిలవ నీళ్ళ వాసన. పక్క ఆకు పట్టుకుంటే అదీ వచ్చేసింది. మీ మొక్కకు కూడా ఇదే జరిగి ఉంటుంది. ఒక్కసారి ఆకు లాగి చూడండి.

జెర్బెరాకు కాండం పైకి పెరగదు. ఆకులన్నీ, పూకాడలన్నీ నేల మట్టంలో ఒకే చోటి నుంచి పుడతాయి. ఆ చోటినే మనం మొవ్వు అంటాం. కొత్త ఆకు, కొత్త మొగ్గ అక్కడే, మెత్తటి నూగు మధ్య, బఠాణీ గింజంత ముద్దలా ఉంటాయి. ఆ మొవ్వు మీద మట్టి పడినా, నీళ్ళు నిలిచినా కుళ్ళు పట్టేస్తుంది. దీనికి ముఖ్య కారణం ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి. నీటిలో ఈదుకుంటూ వేరు నుంచి వేరుకు పాకుతుంది. మట్టి ఎంత తడిగా ఉంటే దానికి అంత సులువు.

వాలిన ఆకును చూసి మనం నీళ్ళు తక్కువైందనుకుంటాం. కానీ వేళ్ళు కుళ్ళిపోయినప్పుడు కూడా ఆకు అలాగే వాలుతుంది, ఎందుకంటే పక్కనే నీళ్ళున్నా అవి తాగలేవు. కాబట్టి ఆకు వాలగానే చెంబు తీసుకోకండి. ముందు మట్టిలో వేలు రెండు అంగుళాల లోతుకు దించండి. పొడిగా ఉంటే నీళ్ళు పోయండి. తడిగా ఉంటే మాత్రం పోయకండి, కుండీని నీడకు జరిపి, మట్టి ఆరనివ్వండి.

ఈసారి తెచ్చినప్పుడు ఇలా చేయండి. మొవ్వు మట్టి కంటే ఒకటి, రెండు సెంటీమీటర్లు పైన ఉండేలా నాటండి. అంత ఎత్తున ఎందుకంటే, జెర్బెరా వేళ్ళు పెరిగేకొద్దీ కుంచించుకుని మొక్కను కిందికి లాక్కుంటాయి. మట్టికి సమానంగా నాటిన మొక్క కొన్ని నెలల్లో తనంతట తనే మునిగిపోతుంది. మొదట్లో మొక్క కాస్త ఊగినా పట్టించుకోకండి, వేళ్ళు దిగాక అదే నిలబడుతుంది. పై మట్టి నొక్కకండి. ఎరువు వేసేటప్పుడు కుండీ అంచు వెంబడే వేయండి, మొవ్వుకు తగలనివ్వకండి. నీళ్ళు ఉదయం పూట, మొవ్వు తడవకుండా, అంచు వెంబడి పోయండి. చిల్లుల్లోంచి నీళ్ళు కారాక కింద పళ్ళెంలో నిలిచినవి పారబోయండి.

పడిపోయిన మొక్కను ఒకసారి కుండీలోంచి తీసి చూడండి. పక్కన చిన్న పిలక ఏదైనా గట్టిగా, దానికి తెల్లటి వేళ్ళు ఉంటే కత్తితో వేరు చేసి కొత్త మట్టిలో నాటండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్క మొదలు చుట్టూ పోయవచ్చు. అయితే అది తెగులు పాకకుండా చూస్తుందే తప్ప కుళ్ళిన మొవ్వును బతికించదు. ఆ పాత మట్టిలో మాత్రం మరో జెర్బెరా నాటకండి, కుండీ కూడా కడిగి ఎండలో పెట్టాకే వాడండి.

మట్టి ఎలా కలపాలి? మా దగ్గర ఉన్నది బంక మట్టి.

బంక మట్టి ఒక్కటే అయితే వద్దు. ఈ పువ్వు పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని గడ్డి నేలలు. 1880లలో బార్బర్టన్ ప్రాంతంలో రాబర్ట్ జేమ్సన్ అనే ఆయన సేకరించిన మొక్కల వల్లే బయటి లోకానికి తెలిసింది. ఆయన పేరు మీదే దీన్ని జెర్బెరా జేమ్సోనీ అన్నారు. వాన పడితే నీళ్ళు జారిపోయే చోట పెరిగిన మొక్క అది. ఆ అలవాటు దానికి ఇంకా పోలేదు.

ఒక వంతు తోట మట్టి, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, ఒక వంతు ముతక ఇసుక కలపండి. పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు దొరికితే ఇసుకకు బదులు అవి వేయండి, కుండీ తేలికగా ఉంటుంది. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో బిగించి వదిలేయండి. ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విడిపోతే సరిపోయినట్టే. ముద్ద విడకపోతే ఇంకాస్త ఇసుక కలపండి. వేళ్ళు లోతుకు వెళ్తాయి కాబట్టి కుండీ కనీసం 25 సెంటీమీటర్ల లోతు ఉండాలి. మరీ పెద్దది మాత్రం వద్దు. మొక్క తాగలేని నీళ్ళన్నీ ఆ మట్టిలోనే ఉండిపోయి మళ్ళీ మొదటి సమస్యకే వస్తాం.

మేడం, లేత ఆకులు పసుపు పచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఎరువు తక్కువైందని రెట్టింపు వేశాను. మారలేదు.

మీరు ఈనెల సంగతి రాయడం చాలా మంచిదైంది. జవాబు అందులోనే ఉంది. పసుపు ముందు ముదురు ఆకుల్లో మొదలైతే నత్రజని తక్కువైందని అనుకోవచ్చు. లేత ఆకుల్లో మొదలై, ఈనెలు మాత్రం వల గీసినట్టు ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. జెర్బెరాకు ఇది చాలా తొందరగా వస్తుంది.

చాలాసార్లు మట్టిలో ఇనుము ఉంటుంది, మొక్కకు అందదు. జెర్బెరా కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టిలో, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య, హాయిగా ఉంటుంది. అంతకు మించితే ఇనుము వేళ్ళకు దొరకని రూపంలోకి మారిపోతుంది. ఉప్పు తేలే బోరు నీళ్ళు రోజూ పోస్తే కొన్ని నెలల్లో మట్టి ఆ స్థితికి వచ్చేస్తుంది. కుండీ అంచున, చిల్లుల దగ్గర తెల్లగా సున్నంలా పేరుకుని ఉందేమో చూడండి. ఉంటే కారణం అదే. అలాంటప్పుడు ఎరువు రెట్టింపు చేస్తే మట్టిలో లవణాలు ఇంకా పెరుగుతాయి. దయచేసి ఆపేయండి.

వెంటనే ఉపశమనానికి లీటరు నీటిలో 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి, పొద్దున్నే ఆకులపై సన్నగా పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి చేయండి. పూల మీద పడితే మచ్చలు వస్తాయి, వాటిని పక్కకు వంచి పట్టుకోండి. చీలేటెడ్ ఇనుము, అంటే మొక్కకు సులువుగా అందే రూపంలో ఉన్న ఇనుము, దొరికితే ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వాడండి, అది ఇంకా బాగా పనిచేస్తుంది. పసుపు పడ్డ ఆకు పూర్తిగా పచ్చబడకపోవచ్చు. కొత్తగా విప్పుకునే ఆకును చూడండి, అది పచ్చగా వస్తే దారిలో పడినట్టే. తరువాత వీలైనప్పుడల్లా వాన నీళ్ళు పట్టి పోయండి. ఏడాదికోసారి మట్టి మార్చండి, మార్చేటప్పుడు కూడా మొవ్వు ఎత్తు మరిచిపోకండి.

ఆకులు గుబురుగా, అరచేతికి మించి పెరుగుతున్నాయి. పువ్వు మాత్రం లేదు. ఆరు నెలలైంది.

మొక్క ఎక్కడ పెట్టారో రాయలేదు. నా అనుమానం వెలుతురు మీదే. రోజుకు కనీసం ఐదారు గంటలు మంచి వెలుతురు తగలాలి. పొద్దుటి ఎండ నేరుగా పడాలి, మిట్టమధ్యాహ్నపు ఎండకు కాస్త నీడ కావాలి. నీడలో ఉన్న జెర్బెరా ఆకులు పొడుగు కాడలతో, పల్చగా, వెలుతురు వచ్చే వైపుకు వాలి ఉంటాయి. మీ మొక్క అలాగే ఉంటే చోటు మార్చండి, వారం రోజుల పాటు కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేయండి.

రెండో అనుమానం యూరియా లాంటి నత్రజని ఎరువుల మీద. ఆకులు ముదురు ఆకుపచ్చగా, మందంగా ఉంటే అవి మానేసి, పొటాష్ ఎక్కువున్న ఎరువు పదిహేను రోజులకోసారి పల్చగా ఇవ్వండి. మూడోది, గుబురు. మొవ్వు మీద ఆకులు దట్టంగా కప్పుకుంటే లోపలి మొగ్గలకు వెలుతురు అందదు, చెమ్మ కూడా ఆరదు. అంచున ఉన్న ముదురు ఆకులను, మచ్చలున్న వాటిని ఒక్కొక్కటిగా మొదటికంటా తీసేయండి. మొవ్వు మీద వెలుతురు పడుతోందో లేదో పైనుంచి తొంగి చూసుకోండి.

వాతావరణం కూడా చూడాలి. పగలు 20 నుంచి 25 డిగ్రీలు, రాత్రి 12 నుంచి 16 డిగ్రీలు ఉన్నప్పుడు జెర్బెరా మనసు పెట్టి పూస్తుంది. 30 దాటి వేడి పెరిగితే పువ్వు చిన్నదవుతుంది, కాడ పొట్టిదవుతుంది, ఒక్కోసారి పూయడమే ఆపేస్తుంది. అప్పుడు దాన్ని తొందరపెట్టకండి, ఎరువు కూడా తగ్గించండి. చల్లబడ్డాక దానికదే లేస్తుంది.

వాడిన పువ్వులను కత్తిరిస్తున్నాను. మిగిలిన కాడలు నల్లగా కుళ్ళుతున్నాయి. ఏదైనా తెగులా?

తెగులు కాదు, కత్తెర వల్ల వచ్చింది. జెర్బెరా పూకాడను కోయకూడదు, మొదట్లో పట్టుకుని కొంచెం మెలితిప్పి పక్కకు లాగాలి. చిన్న టప్‌మనే శబ్దంతో మొవ్వు నుంచి శుభ్రంగా విడివడుతుంది. సగానికి కోస్తే మిగిలిన మొండెం కుళ్ళి, ఆ కుళ్ళు మొవ్వులోకి దిగుతుంది. ఇప్పుడున్న మొండేలను కూడా ఇలాగే లాగేయండి. ఒక చేత్తో మొక్కను అదిమి పట్టుకోవడం మరిచిపోకండి.

నేను తొమ్మిదో తరగతి. వాడిన పువ్వులోని గింజలు దాచి విత్తాను, ఒక్కటీ మొలవలేదు. ఎందుకు?

బాబూ, నువ్వు చేసిన పని నాకు చాలా నచ్చింది. మొలవకపోయినా వదలకు. ముందు ఒక తాజా పువ్వును చేతిలోకి తీసుకో. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల చిన్న పువ్వుల గుత్తి. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఈ కుటుంబమే. బయట ఉన్న ఒక పొడుగు రేకును మెల్లగా మొదటికంటా లాగు. దాని అడుగున సన్నని తెల్లటి గింజ ముక్క, చుట్టూ నూగు, మధ్యలో రెండుగా చీలిన చిన్న కొస కనబడతాయి. ఆ ఒక్క రేకే ఒక పువ్వు. అది ఆడ పువ్వు, దానికి పుప్పొడి ఉండదు. మధ్యలో బొట్టులా ఉండే చోట కిక్కిరిసి ఉన్నవి మరో రకం చిన్న పువ్వులు, వాటికి పుప్పొడి ఉంటుంది. అవి ఒకేసారి విప్పవు. బయటి వరుస ముందు, లోపలి వరుసలు రోజుకు కొన్ని చొప్పున విప్పుతాయి. భూతద్దం ఉంటే నాలుగు రోజులు వరుసగా చూడు, పసుపు పొడి వలయం లోపలికి జరుగుతూ పోతుంది.

గింజ కట్టాలంటే ఆ పుప్పొడి రేకుల అడుగున ఉన్న చీలిన కొసలకు చేరాలి. ఈగలు, తేనెటీగలు రాని చోట అది సరిగా జరగదు. అప్పుడు గింజలు వస్తాయి కానీ లోపల డొల్లగా ఉంటాయి. నీవి అవే అయి ఉండవచ్చు. రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడు, పల్చగా చదునుగా ఉంటే డొల్ల, కాస్త ఉబ్బుగా గట్టిగా ఉంటే మంచి గింజ. ఈసారి మెత్తటి కుంచెతో ఒక మొక్క పుప్పొడిని వేరే మొక్క పువ్వుకు అద్ది చూడు.

గింజ నెలల తరబడి దాస్తే మొలక శక్తి పోతుంది. కాబట్టి నూగు విచ్చుకోగానే తీసి విత్తాలి. తడి కోకోపీట్ మీద సన్న కొస కిందికి, నూగు పైకి ఉండేలా గుచ్చు. పైన కప్పకు, వాటికి వెలుతురు కావాలి. 20 నుంచి 25 డిగ్రీల మధ్య రెండు వారాల్లో మొలకలు కనబడతాయి. వచ్చే పువ్వు తల్లి రంగులో ఉండకపోవచ్చు, ఎందుకంటే మన దగ్గర ఉన్నవన్నీ సంకరజాతులు. ఏ రంగు వస్తుందో పూసేదాకా తెలియదు. వస్తే నాకు తప్పకుండా రాయి.

నీలం జెర్బెరా ఎక్కడైనా ఉందా?

సహజంగా లేదు. తెలుపు, పసుపు, నారింజ, గులాబి, ఎరుపు, ఊదా ఛాయలు ఉన్నాయి కానీ నీలానికి కావలసిన వర్ణకం ఈ మొక్క తయారు చేసుకోదు. నీలంగా కనబడేవి రంగు పట్టించినవి. మొక్క తెచ్చి పెంచినా ఆ రంగు మళ్ళీ పూయదు.

పడకగదిలో జెర్బెరా పెడితే గాలి శుభ్రమవుతుందట కదా?

ఈ మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. మూసిన పారదర్శక ప్లాస్టిక్ పెట్టెల్లో మొక్కలను పెట్టి, బెంజీన్ లాంటి రసాయనాలు తగ్గుతున్నాయని చూశారు. అందులో జెర్బెరా కూడా ఉంది. కానీ మన గది మూసిన పెట్టె కాదు. తలుపులు, కిటికీల నుంచి గాలి మారుతూనే ఉంటుంది. ఒకటి రెండు కుండీల వల్ల గాలిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. పైగా పడకగదిలో దానికి ఎండ సరిపోదు. పువ్వు చూసుకోవాలని పెట్టుకుంటే నాలుగు రోజులు పెట్టి మళ్ళీ వెలుతురులోకి మార్చండి. ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నా భయం లేదు, వాటికి ఇది విషం కాదు.

పువ్వులను సీసాలో పెడితే రెండో రోజుకే మెడ వాలుస్తున్నాయి.

పూర్తిగా విప్పకుండా కోసి ఉంటారు. మధ్య బొట్టులో బయటి రెండు వరుసలు విప్పి పుప్పొడి కనబడ్డాకే కోయాలి, అప్పటికి గానీ మెడ గట్టిపడదు. సీసాలో నీళ్ళు ఐదారు సెంటీమీటర్లు చాలు. ఈ కాడకు నూగు ఉంటుంది, లోతుగా ముంచితే మెత్తబడి కుళ్ళుతుంది. కొస అంగుళం మేర ఏటవాలుగా కోసి పెట్టండి, రోజు విడిచి రోజు నీళ్ళు మార్చి మళ్ళీ కాస్త కోయండి. రెండు చుక్కల బ్లీచ్ కలిపితే నీళ్ళు త్వరగా పాడవవు.

ఆకుల అడుగున తెల్లటి చిన్న ఈగలు లేస్తున్నాయి. కొన్ని ఆకుల మీద పాము పాకినట్టు తెల్లని గీతలున్నాయి.

లేచేవి తెల్లదోమ, గీతలు ఆకు తొలిచే పురుగువి. గీతలున్న ఆకులను తీసి దూరంగా పారేయండి, పురుగు లోపలే ఉంటుంది కాబట్టి పైపై మందు అందదు. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తున కట్టండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగున పడేలా కొట్టండి. మొవ్వులో నిలిచేంత వద్దు. వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయాలి, ఒక్కసారికి గుడ్లు పోవు.

మూడేళ్ళ మొక్క. కుండీ నిండిపోయింది, పువ్వులు చిన్నవవుతున్నాయి. తీసేయాలా?

తీసేయకండమ్మా! అది ఒక మొక్క కాదు ఇప్పుడు, నాలుగైదు మొక్కలు. పూత తగ్గి, వాతావరణం చల్లగా ఉన్న రోజు చూసుకుని కుండీ బోర్లించి గడ్డను బయటకు తీయండి. ముందు రోజు నీళ్ళు పోసి ఉంచితే మట్టి సులువుగా రాలుతుంది. చేతులతో మెల్లగా విడదీయండి, ఎక్కడ విడిపోతుందో అదే చెబుతుంది. రాకపోతేనే పదునైన, శుభ్రమైన కత్తి వాడండి. ప్రతి ముక్కకూ ఒక మొవ్వు, కొన్ని గట్టి వేళ్ళు ఉండాలి. ముదురు ఆకులు తీసేసి నాలుగైదు లేతవి ఉంచండి. మరీ పొడుగైన వేళ్ళను కొంచెం కత్తిరించవచ్చు.

నాటాక వారం రోజులు నీడలో ఉంచండి. మొదటి రెండు నెలలు వచ్చే మొగ్గలను తుంచేయండి. మనసు ఒప్పదు, నాకూ ఒప్పదు, కానీ ఆ బలం వేళ్ళకు వెళ్తే తరువాత పువ్వు పెద్దదవుతుంది. నాటిన పది రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి వంగి చూడండి. మట్టి కిందికి దిగి మొవ్వు తేలిందా, మొవ్వే దిగి మట్టి మీదికొచ్చిందా అని. రెండోది అయితే చెంచాతో చుట్టూ మట్టి మెల్లగా తీసేయండి. నేను ఇప్పటికీ పాత టీ చెంచా ఒకటి కుండీల పక్కనే పెట్టుకుంటాను.